మల్లెవాసన బిస్కెట్లు

జూన్ 2

చెప్పేశాను! అన్నం తింటుండగా కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. నేను పనిచేసే ఫోటో స్టూడియో మూతపడినప్పటి నుంచి "ఏం చేద్దామనుకుంటున్నావు" అని అడగకుండానే అడుగుతున్న మా ఆయనకి ఇవాళ జవాబు దొరికింది. ఇంట్లోనే కొవ్వొత్తులు చేస్తాను, బిస్కెట్లూ కేకులూ బేక్ చేస్తాను, ఆదివారం సంతలో బల్ల వేసుకుని అమ్ముతాను.

"రెండూనా?" అన్నారాయన.

"రెండూనూ. కొవ్వొత్తి కొన్నవాళ్ళు బిస్కెట్ రుచి చూస్తారు, బిస్కెట్ కోసం వచ్చినవాళ్ళు కొవ్వొత్తి వాసన చూస్తారు."

"ఒకే వంటింట్లోనా?"

"మనకి రెండు వంటిళ్ళున్నాయా?"

ఆయన తుమ్మారు. ఆయన తుమ్ములు పట్టించుకుంటే ఈ ఇంట్లో ఎవరూ గడప దాటలేరు. పుట్టుకతోనే జలుబు మనిషి.

వదిన ఎదురుగానే కూర్చుని తింటోంది. ఆడపడుచు కదా, ఒక మాట విసురుతుందని ఎదురుచూశాను. "నీ చేతి బిస్కెట్లా? పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకే అమ్ము" లాంటిది ఏదో ఒకటి. ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మంచిదే. వంక పెట్టలేదంటే ఒప్పుకున్నట్టే కదా.

జూన్ 4

సంత నడిపే ఆవిడని కలిశాను. మెడలో విజిల్ వేలాడుతూ ఉంటుంది, ఎవరి బల్ల గీత దాటినా ఊదేస్తుంది. అందరూ విజిల్ మేడమ్ అంటారట. మనిషిని చూస్తే భయమేసింది గానీ నేను తగ్గలేదు.

"మూడు ఆదివారాలు చూస్తానమ్మా. మొదటిసారి ఎవరైనా కొంటారు, మొహమాటానికో, ముచ్చటకో. కొన్నవాళ్ళు మళ్ళీ వస్తే ఆ మూలబల్ల నీకే" అంది.

మూలబల్ల! చెట్టు నీడ, రెండువైపుల నుంచీ జనం. ఇంటికి ఎలా వచ్చానో తెలీదు, గాల్లో తేలుతూ వచ్చాను. వదిన గది తలుపు కొట్టి మరీ చెప్పాను. "ఊఁ" అంది.

జూన్ 5

మా ఆయన ఇవాళ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు. అక్కని ఈ నెలాఖరుకి పెద్దన్నయ్య ఇంటికి పంపిద్దామంటారు. అక్కడ పెద్ద ఇల్లు, మనుషులు ఎక్కువ, ఇక్కడ రోజురోజుకీ వాడిపోతోంది అంటారు. ఆ పెద్ద బావగారే ముప్పయ్యో తారీకున వచ్చి తీసుకెళ్తారట.

"ఇక్కడ మాత్రం ఏం తక్కువైంది?" అన్నాను.

"తక్కువైందని కాదు. మార్చిలో బావ పోయిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా అక్క తనంతట తాను ఒక్క మాట మాట్లాడిందా? నువ్వే చెప్పు."

మాట్లాడలేదు. అయితే ఏంటి? కొందరికి టైం పడుతుంది. అదీగాక అక్కడి తోడికోడలు వంట వదినకి పడదు, అన్నీ పొడిపొడిగా చేస్తుంది.

ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి సెలవులకి వస్తే ఎప్పుడు వెళ్తుందా అని చూసినదాన్ని నేను. ఉప్పు తక్కువ, కారం ఎక్కువ, అన్నం మెత్తన, అన్నం బిరుసు. ఒక్క పూట కూడా వంక పెట్టకుండా లేచింది లేదు. నేను మూతి ముడుచుకుంటే వదిన వాళ్ళాయన, అన్నయ్యగారు, పక్కకి పిలిచి నవ్వేవారు. "మీ వదిన వంక పెట్టిందంటే రెండో ముద్దకి సిద్ధమైందని అర్థం అమ్మా. నచ్చకపోతే అసలు మాట్లాడదు."

అలాంటి మనిషిని ఉంచమని ఇప్పుడు నేనే బతిమాలుతున్నాను. నవ్వొస్తోంది.

జూన్ 8

మైనం కరిగించడం వంటకన్నా తేలిక! గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో ఇంకో గిన్నె, అందులో మైనం. కాస్త చల్లారాక అత్తరు. మల్లె, నిమ్మగడ్డి, గులాబి, లవంగం తెచ్చాను. మల్లె అయితే మూత తియ్యగానే ఇల్లంతా పాకింది. పాత టీకప్పుల్లో, స్టీలు గ్లాసుల్లో పోశాను. వత్తి నిటారుగా నిలబడడానికి బట్టల క్లిప్పు.

చిక్కల్లా ఈ ఎండతో వచ్చింది. గట్టిపడవు. గట్టిపడ్డా గ్లాసులోంచి ఊడిరావు. తిరగేసి బాదాను, బతిమాలాను, తిట్టాను. అప్పుడు తట్టింది. ఫ్రిజ్! గ్లాసులన్నీ వరసగా ఫ్రిజ్‌లో పెట్టాను. కాసేపటికి టక్కున ఊడొచ్చాయి, అద్దాల్లా మెరుస్తూ. నా బుర్రే బుర్ర. ఇక నుంచి పై అర కొవ్వొత్తులకి, కింది అర వెన్నకీ గుడ్లకీ పాలకీ.

జూన్ 10

మొదటి విడత వెన్న బిస్కెట్లు. రుచి చూడడానికి ఇంట్లో ముగ్గురం. నాకు బాగున్నాయి. మా ఆయన రెండు తిని "కరకరలాడుతున్నాయి" అన్నారు, ముక్కు మూసుకుపోయి ఆయనకి తెలిసేది ఆ ఒక్కటే.

వదినకి ప్లేటు తీసుకెళ్ళాను. నాలుగు పెడితే నాలుగూ తినేసింది. ఒక్క వంక లేదు! ఇరవై ఏళ్ళ తరవాత నా చేతికి ఇంత మర్యాద దక్కింది. రాసుకోవడానికైతే బాగానే ఉంది.

జూన్ 12

ఇవాళ కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మా ఆయన ముఖం చిట్లించి ఉప్పు డబ్బా అందుకున్నారు. వదిన మొత్తం తినేసి లేచింది.

నిజానికి మర్చిపోలేదు. కావాలనే వెయ్యలేదు.

జూన్ 15

అన్నీ అమ్ముడైపోయాయి!! అన్నీ! ఒక్క బిస్కెట్ మిగిలితే ఒట్టు.

పక్క బల్ల తేనె తాతది. పొద్దున నా వైపు చూసి "కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబు చేశావమ్మా బల్లని" అన్నాడు. నిజమే, లేసు గుడ్డ పరిచాను, బిస్కెట్లని రంగు కాగితాల్లో చుట్టి రిబ్బను కట్టాను. ఎవరూ విప్పి చూడలేదు, అలాగే ఎగరేసుకుపోయారు. పెద్ద నల్ల గొడుగు వేసుకొచ్చిన ఆవిడ ఒక్కతే మూడు పొట్లాలు పట్టుకెళ్ళింది. మల్లె కొవ్వొత్తుల కోసం ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. విజిల్ మేడమ్ అటుగా వచ్చి ఖాళీ బల్ల చూసి విజిల్ ఊదబోయి ఊరుకుంది.

ఇంటికి రాగానే "వదినా, అన్నీ అయిపోయాయి!" అని తలుపు బయట నుంచే అరిచాను. లోపల నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు వచ్చింది. తను వింది.

జూన్ 17

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ గట్టిగా గాలి పీల్చి "ఎక్కడో పూలబుట్ట ఉన్నట్టుంది" అంది. నేనే! నా ఒళ్ళంతా మల్లె అట. నాకైతే ఏ వాసనా తెలియడం లేదు. అలవాటైపోయి ఉంటుంది. అత్తరు తక్కువైందేమోనని ఈసారి ఇంకో మూత ఎక్కువ వేశాను.

జూన్ 20

కేకు కూడా మొదలుపెట్టాను. నారింజతొక్క తురిమి, వెన్న నురగ వచ్చేదాకా గిలక్కొట్టి. పొంగింది చూడు, ఓవెన్ అద్దానికి తల ఆన్చింది! ఆ వేడిలో ముందు నిలబడి చప్పట్లు కొట్టాను. ఈ వయసులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు.

వదిన మంచినీళ్ళ కోసం వచ్చింది. ఓవెన్ ముందు ఒక్క క్షణం ఆగింది. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

జూన్ 22

ఇవాళ కూడా బాగానే జరిగింది. కొవ్వొత్తులు మధ్యాహ్నానికే అయిపోయాయి, పోయినవారం కొన్నవాళ్ళే మళ్ళీ వచ్చారు.

బిస్కెట్లు కొంచెం మిగిలాయి. ఎండ కదా. ఈసారి తెలివిగా రుచి చూడమని ప్లేటులో ముక్కలు పెట్టాను. జనానికి ఎంత నచ్చాయంటే చాలామంది ఒక్క కొరుకు కొరికి మిగతాది రుమాల్లో చుట్టుకుని పట్టుకెళ్ళారు, ఇంట్లో పిల్లల కోసం కాబోలు. విజిల్ మేడమ్ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. తన్మయత్వం అంటే ఇదే. తరవాత తేనె తాత దగ్గరికి వెళ్ళి రెండు చెంచాల తేనె నాకింది.

సర్దుకునేటప్పుడు తాత అడిగాడు, "అమ్మా, నువ్వు రుచి చూస్తావా వీటిని?"

"రోజూ తింటాం తాతా! మా ఇంట్లో పెద్ద పరీక్షాధికారి ఉంది. మా ఆడపడుచు. ఇరవై ఏళ్ళుగా ప్రతిదానికీ వంక పెట్టిన మనిషి. ఈ బిస్కెట్లకి మాత్రం నోరెత్తలేదు."

తాత చేతిలో తేనె సీసా పక్కన పెట్టాడు. "ఆవిడ ఒంట్లో బాగుందా?" అన్నాడు.

ముసలాయనకి చాదస్తం.

జూన్ 23

ఎండ వల్లే మిగిలాయి.

జూన్ 25

అటక మీంచి వదిన సూట్‌కేసు దించారు మా ఆయన. దుమ్ము దులిపి హాల్లో పెట్టారు. దానికి కాలు తగిలి రెండుసార్లు పడబోయాను. మూడోసారి కావాలనే తన్నాను.

వదిన వెళ్ళడం నాకిష్టం లేదు. ఎవరికీ చెప్పను గానీ ఇక్కడ రాసుకుంటే తప్పేంటి. ఎందుకంటే ఈ కొవ్వొత్తులూ బిస్కెట్లూ మొదలుపెట్టినప్పుడు నేను మనసులో ఒకటి అనుకున్నాను. ఇంటినిండా ఇంత హడావుడి చేస్తే, ఇన్ని గిన్నెలు మోగిస్తే, ఇంత పిండి పారబోస్తే ఆ మనిషి ఉండబట్టలేక బయటికొచ్చి నన్ను తిడుతుందని. ఒక్క తిట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటాను. నెల కావస్తోంది. వంటింట్లో ఇంత యుద్ధం జరుగుతుంటే ఆ తలుపు తెరుచుకోలేదు. ఇంకేం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

సరే. ఆదివారం ఇంకా ఉంది.

జూన్ 27

వేడి మైనం చేతి మీద పడింది, కుడిచేతి మీదే. పెద్ద గాయం కాదు గానీ కట్టు కట్టేశారు. పొట్లాలు కట్టలేను, రిబ్బను ముడి వెయ్యలేను. మా ఆయనకి ఆదివారం డ్యూటీ. మూలబల్ల తేలేది ఆరోజే!

ఏడుపొచ్చింది. ఏడవలేదు. లేచి వెళ్ళి వదిన తలుపు కొట్టాను.

"వదినా, ఆదివారం నాకో చెయ్యి కావాలి. మాట్లాడక్కర్లేదు. చెయ్యి చాలు."

తను నా కట్టు వైపు చూసింది. తల ఊపింది. ఊపింది!

జూన్ 29

ఎక్కడ మొదలుపెట్టను? ఎడంచేత్తో రాస్తున్నాను, కోడి గీకినట్టుంది, రేపు నాకే అర్థం కాదేమో. అయినా రాయాలి.

పొద్దున వదిన తెల్లచీర కట్టుకుని, జుట్టు గట్టిగా ముడేసుకుని నా వెనక నడిచొచ్చింది. బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుంది. రిబ్బన్లు కట్టమంటే కట్టింది, నేను కట్టినవాటికన్నా చక్కగా. మాట మాత్రం లేదు. తేనె తాత పలకరిస్తే చేతులు జోడించింది అంతే.

కొవ్వొత్తులు పోతున్నాయి. బిస్కెట్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. నారింజ కేకు మీద ఈగ కూడా వాలలేదు. విజిల్ మేడమ్ కాస్త దూరంలో నిలబడి మా బల్లనే చూస్తోంది. నేను మాత్రం ఎప్పటికన్నా గట్టిగా నవ్వుతూ అందరినీ పిలుస్తున్నాను.

అప్పుడొచ్చింది ఆ నల్ల గొడుగావిడ. మొదటివారం మూడు పొట్లాలు కొన్నావిడ. నేను ఆనందంగా "రండి రండి" అన్నాను. ఆవిడ గొడుగు ముడిచి బల్ల మీద టకటకా కొట్టింది.

"ఏం రమ్మంటావమ్మా? ఇంటిల్లిపాదీ ఉమ్మేశాం. చుట్టాల ముందు పెట్టి పరువు పోగొట్టుకున్నాను. వంట రానప్పుడు ఇంట్లో కూర్చోవాలి గానీ ఇలా బల్ల వేసుకుని జనం నోళ్ళు పాడుచేస్తే ఎలా?"

చుట్టూ బేరాలు ఆగిపోయాయి. ఎడంచేత్తో బిస్కెట్ల ప్లేటు నా వైపు లాక్కున్నాను.

స్టూలు కిర్రుమంది. వదిన లేచి నిలబడింది.

"ఏమన్నారు?" అంది. మూడున్నర నెలలుగా వాడని గొంతు, బొంగురుగా, తుప్పుపట్టిన గేటు తీసినట్టు వచ్చింది.

"వంట రాదన్నాను. ఉన్నమాటే కదా?"

"మా మరదలికి వంట రాదని అనడానికి మీరెవరండీ?" వదిన కొంగు బిగించింది. "ఇరవై ఏళ్ళుగా ఆ మాట అంటున్నది నేను. ఉప్పు తక్కువైతే నేనన్నాను, కూర మాడితే నేనన్నాను. దానికి వంక పెట్టే హక్కు నాది. దారిన పోయేవాళ్ళంతా వచ్చి అనేస్తే ఇక నేనెందుకు?"

"అయితే తిని చూడండి!"

"తింటాను. ఎందుకు తినను? ఇటివ్వు."

ప్లేటులోంచి బిస్కెట్ తీసి సగం కొరికింది. గొడుగావిడ మీదే చూపు, యుద్ధానికి దిగినట్టు నమలసాగింది. నమలడం మెల్లగా తగ్గింది. కనుబొమలు పైకి లేచాయి. ముఖంలో ఎప్పటిదో ఒక కదలిక, నాకు బాగా తెలిసిన కదలిక, మూతి కుడివైపుకి తిరగడం.

"థూ!"

నా వైపు తిరిగింది. "ఏమే! ఏం బిస్కెట్టే ఇది? పిండిలో మల్లెపూలు రుబ్బావా, సబ్బు తురిమావా? మనుషులు తినేవేనా ఇవి?"

సంత సంతంతా నవ్వింది. "మూడు వారాలుగా మీకు రోజూ పెడుతున్నవి ఇవే కదా వదినా" అన్నాను.

వదిన ఆగిపోయింది. చేతిలో మిగిలిన సగం ముక్క వైపు చూసుకుంది. "తిన్నానా?" అంది చిన్నగా. "తెలీలేదే అమ్మాయ్. ఏం తింటున్నానో నాకే తెలీలేదు."

గొడుగావిడ గొడుగు దించేసింది.

అప్పుడు వదిన ఆ సగం ముక్కనీ నోట్లో పెట్టుకుంది. అవును, రెండోసారి. కళ్ళు చిట్లించి, పరీక్షగా నమిలి, "పిండి కాదు, చక్కెర కాదు. వెన్న. వెన్న ఎక్కడ పెట్టావే?"

"ఫ్రిజ్‌లో."

"దాని పక్కన ఇంకేం పెట్టావు?"

ఫ్రిజ్ పై అర గుర్తొచ్చింది. "కొవ్వొత్తులు."

"వెన్న పక్కన ఉల్లిపాయ ముక్క పెడితేనే దాని వాసన లాగేసుకుంటుంది, నువ్వు అత్తరు పెట్టావా తల్లీ? మీ ఆయనకి ముక్కు లేదు సరే, నీ ముక్కేమైంది?"

"అలవాటైపోయింది వదినా" అన్నాను, అని భోరుమన్నాను. ఆపుకుందామన్నా ఆగలేదు. గొడుగావిడ కంగారుపడి "అయ్యో, ఊరుకోమ్మా, ఏదో కోపంలో అన్నాను, ఇంత బాధపడతావనుకోలేదు" అంటూ రుమాలు ఇచ్చింది. బాధెక్కడిది? ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది నాకు. తేనె తాత మాత్రం గడ్డం నిమురుకుంటూ "పెద్ద పరీక్షాధికారి వచ్చారన్నమాట" అన్నాడు.

వదిన అప్పటికే బిస్కెట్లూ కేకూ బల్ల మీంచి తీసి సంచిలో పడేస్తోంది. గొడుగావిడకి "వచ్చేవారం రండి, కొత్తవి ఇస్తాం. అప్పుడు కూడా బాగోకపోతే నాకు చెప్పండి, దానికి చెప్పకండి" అంది.

విజిల్ మేడమ్ వచ్చింది.

"మూలబల్ల ఇప్పుడే ఇవ్వను. ఇంకో మూడు వారాలు చూస్తాను" అంది. తరవాత వదినని చూపించి, "ఈవిడ కూడా రావాలి. లేకపోతే లేదు."

జూన్ 30

పెద్ద బావగారు వచ్చారు. వదిన వంటింట్లో నడుం దాకా ఫ్రిజ్‌లో దూరి ఉప్పునీళ్ళతో కడుగుతోంది.

"బయల్దేరదామా?" అన్నారాయన గుమ్మంలో నిలబడి.

"ఎక్కడికి అన్నయ్యా? దీన్ని వదిలేసి వస్తే ఇల్లు తగలేస్తుంది. భోంచేసి వెళ్ళు" అంది తల బయటికి పెట్టకుండానే.

మా ఆయన హాల్లో తుమ్మారు. ఒకటి కాదు, వరసగా. ముక్కు తుడుచుకుంటూ సూట్‌కేసు మళ్ళీ అటకెక్కించారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు, జలుబనుకోమన్నారు.

జూలై 2

వదిన తీర్పులు: మైనం, అత్తరు, అచ్చులు వంటింటి గడప తొక్కకూడదు. వెనకగది ఇక కొవ్వొత్తుల గది. "మరి మీరెక్కడ పడుకుంటారు?" అంటే "హాల్లో. నీ మీద ఒక కన్నేసి ఉంచాలి కదా" అంది. అచ్చులు ఇక ఫ్రిజ్‌లో కాదు, వెడల్పు గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి అందులో నిలబెడుతున్నాం. కొంచెం ఆలస్యం, అంతే. ఆ గది కిటికీలు రెండూ తెరిచి పెట్టాం, తలుపు కూడా.

మంచం హాల్లోకి మోస్తుంటే దిండు కింద నుంచి అన్నయ్యగారి కళ్ళజోడు జారిపడింది. వదిన తీసి తుడిచి, హాలు కిటికీలో, తనకి కనపడేచోట పెట్టుకుంది. నేను చూడనట్టు మంచం ఇంకో కొస పట్టుకున్నాను.

జూలై 6

గొడుగావిడ వచ్చింది! నిలబడి తింది, రెండు పొట్లాలు పట్టుకెళ్ళింది. నాకేం చెప్పలేదు. వదిన చెవిలో చెప్పింది. వదిన కూడా నాకు చెప్పడం లేదు, ఎంత అడిగినా! రేపటికి కొత్త వెన్న తేవాలి. లవంగం కొవ్వొత్తి అయిపోయింది. వచ్చేవారం కేకులో నారింజ బదులు నిమ్మ వేద్దామంటే "ముందు నారింజ సరిగ్గా చెయ్యి" అంది.

ఇవాళ కూరలో ఉప్పు సరిగ్గా వేశాను. రెండుసార్లు రుచి చూసి మరీ వేశాను. తక్కువైందంది వదిన.